పొద్దున్నే తుమ్ములా? ముందు పడక సంగతి చూడండి: డస్ట్ మైట్స్‌ని ఇంట్లో తగ్గించే పద్ధతి

మీ దిండు గలీబు ఒకసారి తీసి చూడండి. లోపలి గుడ్డ మీద పసుపు రంగు మరకలు, చారికలు కనిపిస్తాయి. చెమట, తలనూనె, నిద్రలో కారిన చొంగ. మా పాప దిండు కూడా అలాగే ఉండేది. పొద్దున లేవగానే వరసగా పది పదిహేను తుమ్ములు, ముక్కులోంచి నీళ్ళలా కారడం, అరచేత్తో ముక్కుని పైకి రుద్దుకోవడం, కళ్ళ కింద నల్లటి నీడ. బడికి బయల్దేరే వేళకి చాలావరకు సర్దుకునేది. రెండేళ్ళు మేం దాన్ని "జలుబు తత్వం" అనుకున్నాం. పెరుగు మాన్పించాం, అరటిపండు మాన్పించాం, తలస్నానం వారానికోసారి చేశాం. చివరికి అలర్జీ డాక్టరుగారి దగ్గరికి వెళ్తే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "పాప దిండు ఎన్నేళ్ళదమ్మా?" అని. అది మా అమ్మ నా పెళ్ళికి కుట్టించి ఇచ్చిన బూరుగు దూది దిండు. పాప కంటే వయసులో పెద్దది.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఏం మార్చామో, ఏది పనికొచ్చిందో, దేనికి డబ్బు దండగ అయిందో వరసగా రాస్తున్నాను. మాది విశాఖపట్నం. ఉక్కపోత ఊరు. మీది అనంతపురమో హైదరాబాదో అయితే కొన్ని పనులు మీకు సులువవుతాయి, అవి కూడా చెప్తాను.

ముందు ఆ పురుగు గురించి

డస్ట్ మైట్ అంటే చాలామంది మంచాల్లో ఉండే నల్లి అనుకుంటారు. కాదు. నల్లి కంటికి కనిపిస్తుంది, కుడుతుంది, రక్తం తాగుతుంది. డస్ట్ మైట్ కుట్టదు, రక్తం తాగదు, కంటికి కనిపించదు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఎనిమిది కాళ్ళు, సాలీడు జాతి. మిరప రైతులు ఎర్రనల్లి, తెల్లనల్లి అంటారు చూడండి, ఇది వాటికి చుట్టం. పేరులో నల్లి ఉన్నా, ఆ మిరప నల్లులు మంచం నల్లికి ఏమీ కావు, ఈ మైట్‌కే దగ్గర.

మన ఒంటి మీంచి రోజూ రాలే చర్మపు పొట్టు దీని తిండి. గాలిలోని తేమే దీని నీళ్ళు, విడిగా తాగదు. తిండి, తేమ, వెచ్చదనం మూడూ ఒకేచోట దొరికేది మన పడకలోనే. అందుకే అది అక్కడ కాపురం పెడుతుంది.

మనకు పడనిది పురుగు కంటే ఎక్కువగా దాని రెట్ట. ఒక్కో మైట్ రోజుకి సుమారు 20 ఉండలు వేస్తుంది. అందులో దాని జీర్ణరసాల తాలూకు ప్రోటీన్ ఉంటుంది. దిండు మీద తల తిప్పినప్పుడల్లా ఆ ఉండలు పైకి లేచి ముక్కులోకి వెళ్తాయి. ఇంటి దుమ్ములో అలర్జీ తెప్పించేది ఈ మైటేనని 1960ల్లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో వూర్‌హోర్స్ట్, స్పీక్స్మా అనే శాస్త్రవేత్తలు తేల్చారు. అంతకు ముందు "దుమ్ము పడదు" అనడమే తప్ప, ఆ దుమ్ములో ఏముందో సరిగా తెలియదు.

ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి, కింద చెప్పే ప్రతి పనికీ ఇదే ఆధారం. పురుగును చంపడం ఒక పని. అది వదిలిన రెట్టని తీసేయడం ఇంకో పని. ఎండ పురుగును చంపొచ్చు, రెట్ట అక్కడే ఉంటుంది. చన్నీళ్ళ ఉతుకు రెట్టని చాలావరకు కడిగేస్తుంది, పురుగు బతికిపోతుంది. రెండు పనులూ జరిగితేనే పిల్ల ముక్కుకి తెలుస్తుంది.

మొదటి పని: ఇది నిజంగా మైట్ అలర్జీయేనా?

దీనికి ముందు ఒక్క రూపాయి ఖర్చుపెట్టకండి. జలుబుకీ అలర్జీకీ తేడా పట్టుకోవడం అంత కష్టం కాదు. జలుబైతే వారం పది రోజుల్లో పోతుంది, మధ్యలో జ్వరమో ఒళ్ళునొప్పులో ఉండొచ్చు. అలర్జీ అయితే జ్వరం ఉండదు, ముక్కు నీళ్ళు పల్చగా ఉంటాయి, ముక్కు, కళ్ళు, అంగిలి దురద పెడతాయి, నెలల తరబడి వస్తూ పోతూ ఉంటుంది. అందులోనూ మైట్ అలర్జీ అయితే పక్క మీద ఉన్నప్పుడు, లేచిన వెంటనే, పక్క దులిపినప్పుడు ఎక్కువ. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, మెట్లెక్కితే ఆయాసం కూడా ఉంటే ఆస్తమా మొదలై ఉండొచ్చు. మోచేతి మడతల్లో, మోకాళ్ళ వెనక దురద పొక్కులు కొందరికి దీనివల్లే పెరుగుతాయి.

మాకు ఒక ఆనవాలు ముందే దొరికింది, మేం పట్టించుకోలేదు. వేసవి సెలవుల్లో పాపని అనంతపురంలో మా పెద్దమ్మ ఇంటికి పంపితే అక్కడ నాపరాళ్ళ నేల మీద చాప వేసుకుని పడుకునేది. నెల రోజులూ తుమ్ము లేదు. నీళ్ళు మారాయి, గాలి మారింది అనుకున్నాం. పొడి గాలి, చాప అనే రెండు కారణాలు మా తలకెక్కలేదు.

ఖాయం చేసుకోవడానికి స్కిన్ ప్రిక్ టెస్ట్ ఉంది. ముంజేతి మీద రకరకాల అలర్జీ చుక్కలు వేసి, ఒక్కో చుక్క దగ్గర సూదితో పైపైన గుచ్చుతారు. 15, 20 నిమిషాలు ఆగితే, పడని దాని దగ్గర దోమ కుట్టినట్టు దద్దురు లేస్తుంది. రక్తం రాదు, పిల్లలు కూడా ఓర్చుకుంటారు. సిట్రిజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే దద్దురు లేవదు కాబట్టి కొన్ని రోజుల ముందే ఆపమంటారు. ఎన్ని రోజులో డాక్టరునే అడగండి. చర్మ పరీక్ష కుదరకపోతే మైట్‌కి ప్రత్యేకంగా చూసే ఐజీఈ రక్తపరీక్ష ఉంటుంది (ఐజీఈ అంటే అలర్జీ ఉన్నవాళ్ళ ఒంట్లో తయారయ్యే ఒక ప్రోటీన్). మొత్తం ఐజీఈ ఎంతుందో చెప్పే పరీక్ష ఒక్కటే చేయించుకుంటే దేనికి అలర్జీయో తెలియదు. ఇంకో విషయం, మనలాంటి వేడి, తేమ ప్రాంతాల్లో మామూలు డస్ట్ మైట్లతో పాటు బ్లోమియా ట్రాపికాలిస్ అనే మైట్ కూడా ఉంటుంది. పరీక్షలో అది కూడా ఉందో లేదో అడిగితే మంచిది.

తలవెంట్రుక పంపితే వంద రకాల అలర్జీలు చెప్తామనే ప్రకటనల జోలికి వెళ్ళకండి. వాటితో తేలేది ఏమీ లేదు, పిల్లలకి తిండి మాన్పించడం తప్ప.

రెండో పని: దిండు, పరుపు

మొత్తం ఇల్లు ఒక్కసారిగా కడిగేయాలని మొదలుపెడితే రెండో రోజుకే నీరసం వచ్చి వదిలేస్తారు. పడకతో మొదలుపెట్టండి. పిల్లలు రోజులో మూడో వంతుకి పైగా ముఖం దిండులో పెట్టుకునే గడుపుతారు. నాకు నచ్చిన వరస ఇది: ముందు దిండు, తర్వాత పరుపు, తర్వాత కప్పుకునేవి.

పాత దూది దిండు ఉంటే తీసేయండి. ఎవరు ఇచ్చిందైనా సరే. నాకు మా అమ్మ ఇచ్చింది తీసేయడానికి మనసొప్పలేదు. పైన గలీబు విప్పి అటక మీద పెడదామనుకుంటే మా అమ్మే "దాన్ని ఇంట్లో ఉంచుకుని ఏం చేస్తావే, పిల్ల కంటే ఎక్కువా?" అంది. మళ్ళీ కొనేటప్పుడు ఉతకడానికి వీలైన దిండు చూసుకోండి, లేబుల్ మీద 60 డిగ్రీల దాకా ఉతకొచ్చని ఉంటే ఇంకా మంచిది.

పరుపు మార్చడం అందరికీ కుదిరే పని కాదు, అక్కర్లేదు కూడా. దానికి తొడుగు వేస్తే చాలు. మైట్ ప్రూఫ్ కవర్ అని అడగండి. దట్టంగా నేసిన గుడ్డ అది, దాని రంధ్రాలు ఎంత సన్నవంటే చెమట ఆవిరి పోతుంది కానీ మైట్ గానీ దాని రెట్ట గానీ దాటలేవు. రెట్ట ఉండలు 10 నుంచి 40 మైక్రాన్లు ఉంటాయి (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), కాబట్టి కవర్ రంధ్రం 10 మైక్రాన్ల లోపు ఉండాలి, 6 ఉంటే ఇంకా నిశ్చింత. ఈ అంకె ప్యాకెట్ మీద ఉందో లేదో చూడండి. లేకపోతే కొనకండి.

ఇక్కడే నేను ఒకసారి మోసపోయాను. "యాంటీ డస్ట్ మైట్" అని పెద్ద అక్షరాలతో రాసిన ప్రొటెక్టర్ ఒకటి కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే నాలుగు మూలలా ఎలాస్టిక్, పరుపు పైభాగం మాత్రమే కప్పుతుంది. అది నీళ్ళు ఒలికితే పనికొస్తుంది, మైట్స్‌కి కాదు. మీకు కావలసింది పరుపును సంచిలో దూర్చినట్టు ఆరు వైపులా మూసి, జిప్ వేసేది. జిప్ చివర ఆ చిన్న సందు కూడా వదలకూడదు, అక్కడ ఒక టేపు ముక్క అంటించండి. దిండుకీ అలాంటిదే చిన్నది. దాని మీద మామూలు గలీబు, దుప్పటి. కవర్ రోజూ ఉతకాల్సిన పనిలేదు, రెండు మూడు నెలలకోసారి చాలు. పైన వేసే గలీబూ దుప్పటే వారం వారం ఉతకాలి.

డబ్బు దగ్గర ఇబ్బందైతే దిండు కవర్ ఒక్కటి ముందు కొనండి, పరుపుకి రెక్సిన్ తొడుగు కుట్టించండి. ఉక్కగా ఉంటుంది, మీద మందంగా నూలు దుప్పటి వేస్తే కొంత నయం. అదే గదిలో ఇంకో మంచం ఉంటే దానికీ తొడుగు వేయాలి. అన్న పరుపు వదిలేసి చెల్లి పరుపుకే వేస్తే సగం పనే అయినట్టు.

దూది పరుపు ఏకించే అలవాటు ఇంకా ఉన్న ఊళ్ళలో ఒక జాగ్రత్త. దూది ఏకేవాళ్ళు వచ్చినప్పుడు ఆ పని వాకిట్లోనో మేడ మీదో చేయించండి, అలర్జీ ఉన్నవాళ్ళు ఆ పూట ఇంట్లో ఉండకూడదు. ఏకిన దూది మెత్తగా, పొంగుగా ఉంటుంది గానీ లోపలి రెట్ట అంతా పోదు. కొత్త గుడ్డలో కుట్టించాక దానికీ తొడుగు తప్పదు.

మూడో పని: వారానికోసారి వేడి నీళ్ళ ఉతుకు

దుప్పట్లు, గలీబులు, కప్పుకునే రగ్గు గుడ్డ, ఇవి వారానికోసారి 60 డిగ్రీల నీళ్ళలో ఉతకాలి. 55 దాటితే మైట్స్ చస్తాయి. 30, 40 డిగ్రీల్లో ఉతికితే రెట్ట చాలావరకు పోతుంది కానీ పురుగుల్లో చాలా భాగం బతికే ఉంటుంది.

ముందు తలుపు ఉన్న వాషింగ్ మిషన్లలో చాలావాటికి హీటర్ ఉంటుంది, 60 డిగ్రీల మీట నొక్కితే సరిపోతుంది. పై మూత మిషన్లలో చాలావాటికి ఉండదు. మాది అలాంటిదే. అందుకని నేను చేసేది ఇది. పెద్ద గుండిగలో నీళ్ళు తెర్లేదాకా కాచి, ప్లాస్టిక్ టబ్బులో కాకుండా ఇత్తడిదో స్టీలుదో పెద్ద గంగాళంలో పోస్తాను. రెండు వంతుల మరిగిన నీళ్ళకి ఒక వంతు చన్నీళ్ళు. బట్టలు వేశాక వేడి కొంచెం తగ్గినా 60 పైనే ఉంటుంది. కర్రతో లోపలికి నొక్కి, మీద మూత పెట్టి 20 నిమిషాలు వదిలేస్తాను. తర్వాత నీళ్ళు పారబోసి మిషన్లో సబ్బుతో మామూలుగా తిప్పుతాను. వేడి చంపుతుంది, ఉతుకు కడుగుతుంది. మొదటిసారి ఆ గంగాళం నీళ్ళు పారబోస్తుంటే బురదనీళ్ళలా ఉన్నాయి, పైకి శుభ్రంగా కనిపించే దుప్పట్లే అవి.

పాత రోజుల్లో చాకిరేవులో బట్టలు బానల్లో ఉడకబెట్టేవాళ్ళు. ఆ పద్ధతి తెల్లదనం కోసమే అనుకునేదాన్ని, ఇప్పుడు దాని విలువ ఇంకోలా తెలుస్తోంది. ఈ పని చేసేటప్పుడు చిన్నపిల్లలు ఆ చుట్టుపక్కలకి రాకుండా చూసుకోండి, మరిగిన నీళ్ళు తమాషా కాదు. నూలు బట్టలకే ఇది, రంగు పోయేవి విడిగా చూసుకోండి. రక్తం, పాల మరకలుంటే ముందే చన్నీళ్ళలో వదిలించాలి, వేడి తగిలితే అవి పట్టుకుపోతాయి.

వేడి నీళ్ళకి తట్టుకోని మెత్తటి బొమ్మలు, ఉన్ని టోపీలు ఉంటాయి కదా. వాటిని పాలిథిన్ సంచిలో కట్టి ఫ్రిజ్‌లో ఐస్ గడ్డకట్టే ఫ్రీజర్ అరలో రెండు రోజులు పెట్టండి. తర్వాత మామూలు నీళ్ళలో ఉతికి ఎండలో ఆరేయండి. మా పాప ఎలుగుబంటి బొమ్మ నెలకోసారి ఐస్ ట్రే పక్కన పడుకుంటుంది. మొదట్లో ఏడ్చేది, ఇప్పుడు తనే సంచిలో పెట్టి తెస్తుంది. బొమ్మలు ఒకటి రెండు మించి మంచం మీద ఉండకూడదు, అది ఆమెకీ తెలుసు.

ఎండ సంగతి. ఏప్రిల్, మే ఎండలో మేడ మీద పరుపు, దిండ్లు, బొంతలు పరిస్తే పైపొరలో మైట్స్ వేడికీ పొడికీ చస్తాయి. మందపాటి పరుపు లోపలిదాకా ఆ వేడి వెళ్ళదు. కాబట్టి ఎండబెట్టడం మంచిదే, మానకండి, కానీ అదొక్కటే చాలనుకోకండి. పలచటి బొంతలకి, చాపలకి బాగా పనిచేస్తుంది. మధ్యలో ఒకసారి తిరగేయాలి. ఎండలోంచి తెచ్చేముందు మేడ మీదే కర్రతో బాది దులపండి, ఆ పని అలర్జీ లేనివాళ్ళు చేయాలి. సాయంత్రం మంచు తేమ పట్టకముందే లోపలికి తెచ్చేయాలి.

నాలుగో పని: తేమ

గాలిలో తేమ 50 శాతం లోపు నిలకడగా ఉంటే మైట్స్ ఎండిపోయి చస్తాయి. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. పడగ్గదిలో పెట్టి వారం రోజులు చూడండి, మీ ఇల్లు మీకే అర్థమవుతుంది. మా గదిలో వానాకాలంలో 80 దాటింది, రాత్రి తలుపులు మూసి నలుగురం పడుకుంటే ఇంకా పెరిగింది.

సముద్రం పక్క ఊళ్ళలో ఏడాది పొడవునా 50 లోపు ఉంచడం మామూలు ఇంటికి సాధ్యమయ్యే పని కాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. అందుకే కోస్తావాళ్ళకి కవర్లూ వేడి నీళ్ళే ముఖ్యం. అయినా చేయగలిగినవి ఉన్నాయి. వానల్లో తడి బట్టలు పడగ్గదిలో ఆరేయకండి. బాత్రూమ్‌లో, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి. చెమ్మ పట్టిన గోడకి మంచం ఆనించకండి, బెత్తెడు ఎడం ఉంచండి. లేవగానే పక్క మడిచేసి మంచం మీద గుట్టగా పేర్చే అలవాటు మనకి ఎక్కువ. రాత్రి చెమటంతా ఆ మడతల్లో ఉండిపోతుంది. దుప్పటి వెనక్కి మడిచి, కిటికీ తీసి, ఫ్యాన్ వేసి ఒక గంట ఆరనివ్వండి, ఆ తర్వాత సర్దండి. ఏసీ ఉంటే డ్రై మోడ్ వాడండి, దాని జాలీ రెండు వారాలకోసారి కడగండి.

రాయలసీమ, తెలంగాణవాళ్ళకి ఎండాకాలం వరం. గాలి బాగా పొడిగా ఉంటుంది. అయితే అదే కాలంలో తలుపులన్నీ మూసి రాత్రంతా కూలర్ తిప్పితే ఆ పొడిదనం పోయి గది వానాకాలంలా తయారవుతుంది. దుప్పటి చేత్తో ముట్టుకుంటే చల్లగా, చెమ్మగా తగులుతుంది. కూలర్ వాడక తప్పదు, కాదనను. ఎదురుగా ఒక కిటికీ తెరిచి ఉంచండి, గాలి బయటికి పోవాలి. గది చల్లబడ్డాక నీళ్ళ మోటారు ఆపేసి ఫ్యాన్ ఒక్కటే తిరగనివ్వండి. తొలకరి పడ్డాక కూలర్ మూలన పెట్టేయండి.

ఐదో పని: గదిలో మిగతావి

ఇది త్వరగా చెప్పేస్తాను. మన ఇళ్ళలో టైల్స్, మొజాయిక్, నాపరాయి ఉండటం అదృష్టం. దాని మీద తివాచీ, కార్పెట్ పరిచి ఆ అదృష్టం పోగొట్టుకోకండి. పొడి చీపురు దుమ్మును లేపుతుంది, పడగ్గదిలో తడిగుడ్డ పెట్టండి. అలమరలు, ఫ్యాన్ రెక్కలు కూడా తడిగుడ్డతోనే. మందపాటి పరదాల బదులు పలచటి నూలు కర్టెన్లు, అవీ నెలకోసారి ఉతకాలి. గుడ్డ సోఫాలో పిల్లల్ని నిద్రపోనివ్వకండి. మంచం కింద పాత బట్టల మూటలు, పరుపుచుట్టలు తీసేయండి.

వాక్యూమ్ క్లీనర్ కొనాలనుకుంటే హెపా ఫిల్టర్ ఉన్నదే కొనండి. లేనిది ముందు నుంచి పీల్చి వెనక నుంచి సన్నటి దుమ్ము గదిలోకి వదులుతుంది. వాక్యూమ్ పైన ఉన్న రెట్టని తీస్తుందే గానీ పోగుల్ని కాళ్ళతో పట్టుకుని ఉన్న పురుగుల్ని పెద్దగా లాగలేదు. ఎయిర్ ప్యూరిఫయర్ గురించి చాలామంది అడుగుతారు. మైట్ రెట్ట బరువైనది, గాల్లో ఎక్కువసేపు తేలదు, అరగంటలోపే కిందికి దిగిపోతుంది. దిండులో ఉన్నదాన్ని గది మూలన పెట్టిన మిషన్ లాగలేదు. పొగకీ పుప్పొడికీ అది వేరే సంగతి. మైట్స్ కోసమే అయితే ఆ డబ్బుతో ఇంట్లో అందరి పరుపులకీ కవర్లు వస్తాయి.

పురుగులమందు స్ప్రేలు పరుపు మీద కొట్టకండి. వేపాకు పొగ, సాంబ్రాణి, కర్పూరం వేస్తే పోతాయని పెద్దవాళ్ళు చెప్తారు. మైట్స్ సంగతి ఎలా ఉన్నా ఆ పొగ ఆస్తమా పిల్లలకి ఆయాసం తెస్తుంది. దోమల చుట్టలూ అంతే, దోమతెర కట్టండి. తెరని కూడా ఉతకాలి.

సంక్రాంతికీ దసరాకీ బూజు దులిపే రోజు మా పాపకి ఏటా ఆస్పత్రి రోజు అయ్యేది. ఇప్పుడు ఆ రోజు పొద్దున్నే ఆమెని మా ఆడపడుచు ఇంటికి పంపేస్తాం. మేం మాస్కులు కట్టుకుని, కిటికీలన్నీ తీసి దులిపి, నేలంతా తడిగుడ్డ పెట్టి, చివర్న దుప్పట్లు మార్చి, చీకటి పడ్డాకే తీసుకొస్తాం. అటక మీది పాత బొంతలు, కంబళ్ళు చలికాలం రాగానే దింపి నేరుగా కప్పేసుకుంటాం చూడండి, అది పెద్ద తప్పు. దింపిన రోజే ఉతకాలి, లేదా గట్టి ఎండలో వేసి దులపాలి.

ఎంత ఫలితం ఆశించాలి?

ఈ పనులన్నీ చేస్తే ఆస్తమా మాయమవుతుందని నేను చెప్పను. 2008లో, వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 54 అధ్యయనాల్ని కలిపి చూసి, మైట్స్‌ని తగ్గించే చర్యల వల్ల ఆస్తమా తగ్గినట్టు రుజువు దొరకలేదని తేల్చింది. 2017లో ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ పరిశోధకులు మైట్ అలర్జీ, ఆస్తమా రెండూ ఉన్న 284 మంది పిల్లల మీద పడక కవర్లు పరీక్షించారు. కొందరికి నిజమైన మైట్ ప్రూఫ్ కవర్లు, మిగతావాళ్ళకి పోల్చి చూడటానికి ఉత్తుత్తి కవర్లు ఇచ్చారు. నిజమైన కవర్లు వాడిన పిల్లలకి ఆయాసం ముదిరి ఆస్పత్రికి పరుగెత్తాల్సిన అవసరం తక్కువసార్లు పడింది. ఈ రెండూ చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, మందు మానేసి కవర్లని నమ్ముకోకూడదు, మైట్ అలర్జీ ఖాయమైన పిల్లలకి మందుతో పాటు కవర్లు వేయాలి. ఫలితం కూడా రాత్రికి రాత్రి రాదు. మాకు తుమ్ములు తగ్గడం రెండో నెలలో మొదలైంది.

మందుల దగ్గర చేసే పొరపాట్లు

ముక్కులో కొట్టుకునే స్టిరాయిడ్ స్ప్రే డాక్టరు రాస్తే భయపడకండి. ఒంట్లోకి వెళ్ళేది చాలా తక్కువ. అది రోజూ వాడితే కొన్ని రోజుల నుంచి రెండు వారాల్లో గుణం కనిపిస్తుంది, ఒక్క రోజు కొట్టి "పనిచేయలేదు" అని పక్కన పెట్టేది కాదు. కొట్టే తీరు కూడా నేర్చుకోవాలి. తల కొంచెం కిందికి వంచి, కుడి ముక్కు రంధ్రానికి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రానికి కుడి చేత్తో పట్టుకుంటే గొట్టం మొన దానంతటదే బయటి వైపుకి తిరుగుతుంది. ముక్కు మధ్యగోడ మీద కొడితే అక్కడ చర్మం పగిలి రక్తం వస్తుంది. కొట్టాక గట్టిగా ఎగపీల్చకూడదు, గొంతులోకి పోతుంది.

ముక్కు బిగిసిందని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల మందు వేరు. అది వెంటనే తెరిపిస్తుంది కానీ ఐదు రోజులు మించి వాడితే ముక్కు ఇంకా ఎక్కువ బిగుస్తుంది. ఇక "ఒక్క ఇంజెక్షన్‌తో ఆర్నెల్లు తుమ్ము రాదు" అని స్టిరాయిడ్ సూది వేసేవాళ్ళ దగ్గరికి పదేపదే వెళ్ళకండి. అది షుగర్, ఎముకలు, పిల్లల ఎదుగుదల మీద పడుతుంది.

ఇన్‌హేలర్ వాడితే అలవాటైపోతుందని మా ఇంట్లోనూ గొడవ జరిగింది. మా అత్తయ్యగారు ఒప్పుకోలేదు. డాక్టరుగారు ఆవిడని కూర్చోబెట్టి, "మీ కళ్ళజోడు అలవాటైపోయిందా అత్తయ్యా, అవసరమై పెట్టుకుంటున్నారా?" అన్నారు. అప్పట్నుంచి స్పేసర్‌తో (ఇన్‌హేలర్‌కి తగిలించే గొట్టం) మందు ఆవిడే పట్టిస్తారు. మృగశిర కార్తెకి చేపమందు వేయించినా సరే, ఇంకే మందు తాగించినా సరే, ఇన్‌హేలర్ మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపకండి. మాట పూర్తిగా పలకలేనంత ఆయాసం, డొక్కలు ఎగరడం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే ఇంట్లో ఒక్క నిమిషం కూడా ఆగకండి, ఆస్పత్రికి వెళ్ళండి.

పరీక్షలో మైట్ అలర్జీ తేలి, మందులతో అదుపు కాకపోతే ఇమ్యునోథెరపీ ఉంది. పడని పదార్థాన్నే కొంచెం కొంచెంగా నాలుక కిందో ఇంజెక్షన్ ద్వారానో ఇస్తూ ఒంటిని అలవాటు చేస్తారు. మూడేళ్ళకి తక్కువ కాకుండా పడుతుంది. ఇంజెక్షన్ తీసుకున్నాక ఆ క్లినిక్‌లోనే అరగంట కూర్చోవాలి, తొందరపడి వచ్చేయకూడదు. ఆస్తమా అదుపులో లేనివాళ్ళకి మొదలుపెట్టరు.

రొయ్యల గురించి కూడా చెప్పాలి, కోస్తా ఇళ్ళలో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. మైట్‌లో ఉండే ఒక ప్రోటీన్, రొయ్యల్లో, పీతల్లో ఉండేది దాదాపు ఒకేలా ఉంటాయి. అందువల్ల మైట్ అలర్జీ ఉన్నవాళ్ళలో కొందరికి రొయ్యలు తింటే నోరు దురద పెడుతుంది, దద్దుర్లు వస్తాయి. అలా జరిగితే మళ్ళీ తినకుండా డాక్టరుకి చెప్పండి. ఇన్నాళ్ళూ హాయిగా తింటున్నవాళ్ళకి మాన్పించాల్సిన పనిలేదు. మా పాప రొయ్యల వేపుడు ఇప్పటికీ తింటుంది.

వచ్చే జూన్‌లో ఆమె హాస్టల్‌కి వెళ్తోంది. అక్కడి పరుపు ఎలా ఉంటుందో మన చేతిలో లేదు. అందుకని పెట్టె సర్దేటప్పుడు మొదట పెట్టినవి ఇవి: జిప్ కవర్ వేసిన తన దిండు, ఒంటి మంచం కొలతకి తెచ్చిన పరుపు తొడుగు, నాలుగు గలీబులు, మూడు దుప్పట్లు, ముక్కు స్ప్రే, ఇన్‌హేలర్, స్పేసర్, వార్డెన్‌గారికి ఇవ్వడానికి డాక్టరుగారు రాసిచ్చిన కాగితం. జిప్ చివర టేపు ఎలా అంటించాలో తనకే నేర్పాను. నిన్న రాత్రి దిండుకి తనే వేసి చూపించింది.